ఇమాం గజాలీ – కీర్తిపీఠం దిగిన ఆచార్యుడు

ప్రతి సంవత్సరమూ వార్షిక సంచిక చేతికి వచ్చిన రోజున ఒక తంతు జరుగుతూ ఉంటుంది. విద్యార్థి మొదట వ్యాసాలు చదవడు. గ్రూపు ఫోటోలున్న పుట తీసి, వరుసలు లెక్కబెట్టి, తన ముఖం ఎక్కడ ఉన్నదో వెతుక్కుంటాడు. పిదప కింద అచ్చయిన పేర్లలో తన పేరు తప్పు లేకుండా పడినదా అని సరిచూచుకుంటాడు. విద్యార్థులనే అననేల? అధ్యాపకులమైన మేమూ ఆ పుటనే ముందు తెరుస్తాము. కమిటీ పెద్దలు కూడా అందుకు మినహాయింపు కారని మా అనుమానం. ఇందులో నేరమేమీ లేదు. నలుగురి కంటా పడాలనుకోవడం మనిషికి సహజం. కాని నలుగురి చూపూ తన మీద లేనప్పుడు తాను లేనట్లే తోచడం మొదలైతే, అది సహజగుణం కాదు, వ్యాధి. ఈ వ్యాధి ముదిరి గొంతు పట్టుకున్నంతవరకూ వెళ్ళి, దాని మూలమేదో తెలుసుకొని, బయటపడిన ఒక మహాపండితుని జీవితాన్ని ఇక్కడ చెప్పదలచాము. ఆయన మరణించి 900 సంవత్సరాలు దాటినవి. పేరు అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ. పాఠకులలో కవితాప్రియులు పొరబడకుండా ఒక మాట: ఈ పేరు గజల్ అనే కవితారూపం నుండి వచ్చినది కాదు.

ఇరాన్ దేశపు ఈశాన్య భాగాన ఖురాసాన్ ప్రాంతంలో, నేటి మష్హద్ నగరానికి సమీపంలో, తూస్ అనే పట్టణం ఉండేది. షానామా కర్త ఫిరదౌసీ జన్మస్థలం కూడా అదే. అక్కడ 1058 ప్రాంతంలో గజాలీ జన్మించారు. తండ్రి ఉన్ని వడికి జీవించే పేదవాడనీ, తనకు చదువు రాలేదన్న బాధతో ఇద్దరు కొడుకులనూ ఒక సూఫీ మిత్రుని చేతిలో పెట్టి కన్నుమూశాడనీ సంప్రదాయం చెబుతుంది. తండ్రి విడిచిన కొద్ది సొమ్మూ అయిపోగానే ఆ మిత్రుడు పిల్లలను మదరసాలో చేరమన్నాడు. అక్కడైతే చదువుతో పాటు భోజనం కూడా దొరుకుతుంది. అనగా ఈ మహావిద్వాంసుని విద్యారంభం కడుపు నింపుకొనడానికి జరిగినదన్న మాట. మన కళాశాలల్లో ఉపకార వేతనం కోసం చేరే పిల్లలను ఎవరైనా చిన్నచూపు చూసినప్పుడు మాకు ఈ సంగతి గుర్తుకు వస్తూ ఉంటుంది. తమ్ముడు అహ్మద్ కూడా తరువాతి కాలంలో పేరొందిన సూఫీ అయినాడు. అతని ప్రస్తావన మున్ముందు వస్తుంది.

బాల్యంలోని ఒక ముచ్చట ప్రసిద్ధమైనది. జుర్జాన్ పట్టణంలో కొంతకాలం చదివి తిరిగి వస్తూండగా దారిదోపిడీ దొంగలు బిడారు మీద పడి అందరి సామానూ దోచుకున్నారట. గజాలీ వారి వెంటబడి, తక్కినవన్నీ తీసుకొని తన పాఠాల కాగితాలు మాత్రం ఇచ్చివేయమని నాయకుణ్ణి బ్రతిమాలినారట. దొంగ నవ్వి, కాగితాలు పోతే పోయే చదువు చదువెట్లా అవుతుందని అడిగి, మూట ఇచ్చి పంపివేశాడట. ఆ మాట బాలుని గుండెలో నాటుకున్నది. తూస్ చేరిన తరువాత మూడేళ్ళు కూర్చొని వ్రాసుకున్నదంతా కంఠస్థం చేశారు. దొంగలెవరూ ఎత్తుకుపోలేని విద్యను సంపాదించారు. కాని ఆ విద్య వెనుక నిలిచిన కోరిక ఎటువంటిదో తెలుసుకొనడానికి ఇంకొక ఇరవై ఏళ్ళు పట్టింది.

తరువాతి మజిలీ నీషాపూర్. అక్కడి నిజామియా మదరసాలో ఇమాముల్ హరమైన్ అని పేరుగాంచిన జువైనీ ఆచార్యులు. ధర్మశాస్త్రం, తర్కం, మతతత్వ వాదం అన్నింటిలోనూ గజాలీ సహాధ్యాయులందరినీ దాటిపోయారు. చదువుతూ ఉండగానే గ్రంథరచన మొదలుపెట్టారు. గురువు బయటికి శిష్యుణ్ణి చూసి గర్వపడినా, లోలోపల ఆ వేగం ఆయనకు అంతగా రుచించలేదని, గజాలీని ఎరిగిన సమకాలికుడు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ వ్రాసి పెట్టాడు. గురువుకే కంటగింపయ్యేటంత ప్రకాశం! ఈ ఫార్సీ నీషాపూరులో మసీదు ఉపన్యాసకుడు; మాటలు తూచి వ్రాసే మనిషి. అతడే మరొక విషయం కూడా చెప్పాడు. ఆ రోజుల్లో గజాలీ తన వాక్చాతుర్యానికీ బుద్ధికీ తానే మురిసి, ఇతరులను తృణప్రాయంగా చూసేవాడట. సహాధ్యాయుల జ్ఞాపకాలు గురువుల ప్రశంసల కంటే నమ్మదగినవి గదా!

1085లో జువైనీ మరణించారు. గజాలీ సరాసరి సెల్జుక్ సామ్రాజ్యపు మహామంత్రి నిజాముల్ ముల్క్ విడిదికి వెళ్ళారు. పండితులను పోషించి, వారిచేత వాదాలు చేయించి వినడం ఆ మంత్రికి వ్యసనం వంటిది. ఆ సభలో గజాలీ ఓడించని పండితుడు లేడు. 1091లో మంత్రి ఆయనను బాగ్దాదు నిజామియాకు ప్రధానాచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరాలు. ఆ కాలపు ఇస్లామియ ప్రపంచంలో విద్వాంసునికి అంతకు మించిన పదవి లేదు. ఆయన ఎదుట 300 మంది విద్యార్థులు కూర్చునేవారు. ఖలీఫా ఆస్థానంలో ఆయన మాటకు విలువ ఉండేది. నగర ప్రవేశం నాడు ఆయన ధరించిన వస్త్రాలకూ ఎక్కిన వాహనానికీ కలిపి చూచినవారు 500 దీనార్లు వెల కట్టారని బాగ్దాదు చరిత్రకారుడు ఇబ్నుల్ జౌజీ నమోదు చేశాడు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఆ నాలుగేళ్ళలో ఆయన చేసిన పని సామాన్యమైనది కాదు. బోధన ముగిసిన తీరిక వేళల్లో, గురువు లేకుండానే, గ్రీకుల నాటి నుండి ఇబ్న్ సీనా వరకూ వచ్చిన తత్వశాస్త్రాన్ని రెండేళ్ళలోపు జీర్ణించుకున్నారు. పిదప దానిని ఖండిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా అనే సుప్రసిద్ధ గ్రంథం వ్రాశారు. కాని ఆ నాలుగేళ్ళలోనే ఆయన చుట్టూ ఉన్న లోకం కూలడం మొదలైనది. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురి అయినాడు. కొన్ని వారాలకే సుల్తాను మలిక్ షా మరణించాడు. వారసుల మధ్య యుద్ధాలు చెలరేగినవి. 1094లో ఖలీఫా కూడా పోయి, యువకుడైన ముస్తజ్‌హిర్ గద్దె మీదికి వచ్చాడు. ఎవరి కళ్ళలో పడడం కోసం గజాలీ యౌవనమంతా ధారపోశారో, ఆ కళ్ళు ఒక్కొక్కటే మూతపడినవి. ఈ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకొనలేదు. ఇది మా ఊహ మాత్రమే.

1095 జూలైలో అసలు సంక్షోభం వచ్చినది. దానిని అల్ మున్‌ఖిజ్ అనే ఆత్మకథలో ఆయనే వివరించారు. సూఫీల గ్రంథాలు చదువుతూ, తన బ్రతుకును తానే పరీక్షించుకున్నారు. తన పనులన్నింటిలో ఉత్తమమైనది బోధన. ఆ బోధన ఎవరి కోసమని తనను తాను ప్రశ్నించుకున్నారు. దైవం కోసం కాదనీ, పదవీ గౌరవం కోసం, పేరు నలుదిక్కులా వ్యాపించడం కోసమనీ సమాధానం వచ్చినది. తక్కిన పాపాలు ఒప్పుకొనడం సులభం. తాను చేస్తున్న మంచిపనిలోనే కల్తీ ఉన్నదని కనిపెట్టడం కష్టం. కనిపెట్టి దానిని అక్షరాలలో పెట్టడం మరీ కష్టం. దాదాపు ఆరు నెలలు ఊగిసలాడినారు. ఉదయం బాగ్దాదు విడిచిపోవాలని నిశ్చయించుకునేవారు. సాయంకాలానికి ఆ నిశ్చయం చెదిరిపోయేది. ఇంత గౌరవం, ఇంత నిష్కంటకమైన పదవి విడిచిపోతే మళ్ళీ కోరినా దొరకదని మనస్సు బెదిరించేది.

చివరకు శరీరమే తీర్పు చెప్పినది. ఒకనాడు, తన కోసం వచ్చి కూర్చున్నవారి తృప్తి కోసమైనా పాఠం చెప్పుదామని ప్రయత్నించగా నాలుక కదలలేదు. ఒక్క మాట కూడా వెలువడలేదు. ఆ దుఃఖంతో ఆకలి పోయినది. గుక్కెడు నీరు గొంతు దిగలేదు. మెతుకు అరగలేదు. ఇది హృదయంలో మొదలై శరీరానికి వ్యాపించిన రోగమనీ, మనస్సు కుదుటపడితే తప్ప మందు పని చేయదనీ వైద్యులు ఆశ వదులుకున్నారు. ఆలోచించి చూడండి: కాళ్ళు పడిపోలేదు, కళ్ళు పోలేదు. ఏ అవయవం ఆయనకు 300 మంది చూపులను సంపాదించి పెట్టినదో అదే మూగపోయినది.

ఇక్కడ చరిత్రకారుల మాట కూడా చెప్పుకొనడం న్యాయం. ఆధునిక పరిశోధకులలో కొందరు ఈ నిష్క్రమణకు రాజకీయ కారణాలు వెతికినారు. మహామంత్రిని చంపిన బాతినీ వర్గాన్ని ఖండిస్తూ గజాలీ గ్రంథం వ్రాసి ఉన్నారు గనుక ప్రాణభయం ఉండవచ్చుననీ, సుల్తానుల పోరులో ఆయన పలుకుబడి తగ్గి ఉండవచ్చుననీ వారి అభిప్రాయం. ఆ భయాలు ఉండి ఉండవచ్చు. కాని ప్రాణభయంతో పారిపోయేవాడు తన కీర్తికాంక్షను గురించి అంత నిష్ఠూరంగా వ్రాసుకొనడు. శత్రువులను గురించి వ్రాస్తాడు. అందుచేత మేము ఆయన చెప్పిన కారణం వైపే మొగ్గుతాము.

1095 నవంబరులో ఆయన బాగ్దాదు విడిచారు. మక్కా యాత్రకు పోతున్నానని పైకి చెప్పారు. లోపలి సంకల్పం సిరియాకు పోయి తిరిగి రాకూడదని. ఖలీఫాకూ మిత్రులకూ తెలిస్తే ఆపుతారేమోనని ఈ యుక్తి పన్నినట్లు ఆయనే ఒప్పుకున్నారు. ఇల్లాలికీ పిల్లలకూ జరుగుబాటుకు తగినంత ఉంచి తక్కిన ధనం పంచివేశారు. తమ్ముడు అహ్మద్ ఆయన స్థానంలో నిలిచి పాఠాలు చెప్పినాడు. అయినను మాకు ఒక చోట మనస్సు ఒప్పదు. 300 మంది శిష్యులకు నిజం చెప్పకుండా వెళ్ళడం, కుటుంబాన్ని దైవాధీనం చేసి వెళ్ళడం అందరూ అనుసరించదగిన మార్గాలని మేము చెప్పము. ఆయనా చెప్పలేదు. ఇరాకు పండితులు మాత్రం నిర్ఘాంతపోయారు. అంత ఉన్నత పదవిని ధర్మకారణంతో విడువడం వారి ఊహకు అందలేదు. దూరాన ఉన్నవారు ప్రభుత్వాగ్రహమని అనుకున్నారు. దగ్గర ఉన్నవారు ప్రభువులే ఆయనను బ్రతిమాలుతూండడం చూసి, ఇది జాతికి తగిలిన దిష్టి అని సరిపెట్టుకున్నారు.

దమాస్కసులోని ఉమయ్యద్ మహామసీదు మినారు ఎక్కి, తలుపు బిగించుకొని, రోజంతా ఒంటరిగా ఉండేవారు. ఆ రోజులను గురించి తరువాతి గ్రంథాలలో ఒక కథ ఉన్నది. మసీదు ఆవరణలో ఒక పల్లెటూరి మనిషి ముఫ్తీలను ఏదో ధర్మసందేహం అడిగాడట. వారు జవాబు చెప్పలేదు. మూలన కూర్చున్న బీద ఫకీరు అతనిని పిలిచి సమాధానం చెప్పాడు. ముఫ్తీలకే తెలియనిది నీకేం తెలుసునని పల్లెవాడు వెక్కిరించాడు. అదంతా గమనించిన ముఫ్తీలు వచ్చి విచారించగా ఆ ఫకీరు గజాలీ అని తేలినది. తమకు ఒక సభలో ఉపన్యసించమని వారు వేడుకున్నారు. రేపు చూద్దామని చెప్పి, ఆయన ఆ రాత్రే ఊరు విడిచిపోయారట. ఇది జరిగినదో లేదో మేము హామీ ఇవ్వలేము. కాని ఇందులో మాకు నచ్చినది చివర పారిపోవడం కాదు. పల్లెవాని వెక్కిరింతకు ఆయన నోరు మెదపకపోవడం. పేరు చెప్పుకుంటే వాడు కాళ్ళ మీద పడేవాడు.

అక్కడి నుండి జెరూసలేము వెళ్ళారు. 1096లో హెబ్రోనులో ఇబ్రాహీం ప్రవక్త సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేసినట్లు తరువాతి కాలపు లేఖలలో వ్రాశారు. ప్రభువుల కొలువుకు పోకూడదు, వారి ధనం ముట్టకూడదు, వాదాలలో పాల్గొనకూడదు. మూడింటినీ పరిశీలిస్తే ప్రతిదీ ఆయన పాత కీర్తికి ఒక్కొక్క పునాది రాయి అని తెలుస్తుంది. ఆ ఏడే మక్కా, మదీనా యాత్ర కూడా చేశారు. ఆ తరువాత పిల్లల పిలుపు తనను స్వస్థలానికి లాగినదని ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఇల్లు మరువలేని విరాగి మాకు మరింత సన్నిహితుడు. 1097లో దారిలో బాగ్దాదులో ఆగినప్పుడు, స్పెయిను దేశం నుండి వచ్చిన యువ విద్యార్థి అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ ఆయనను కలుసుకొని శిష్యరికం చేశాడు. మునుపు వెల కట్టినవారే ఈసారి కూడా ఆయన వస్త్రాలకు వెల కట్టారు: 15 ఖీరాతులు. అనగా ఒక్క దీనారు కూడా పూర్తిగా చేయదు.

ఈ వెల తగ్గుదలతో కథ సుఖాంతమైనదని అనుకుంటే పొరపాటు. చినిగిన బట్ట కూడా చూపులను ఆకర్షించగలదు. కొన్ని చోట్ల పట్టుబట్ట కంటే ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఈ సంగతి గజాలీకి తెలిసినంతగా మరెవరికీ తెలియదని నిరూపించేది ఆయన మహాగ్రంథం ఇహ్యా ఉలూమిద్దీన్. ఈ సంచార కాలంలోనే రచించిన ఈ గ్రంథంలో 40 ప్రకరణాలున్నవి. 28వ ప్రకరణం జాహ్, రియా అనే రెండింటిని గూర్చినది. జాహ్ అంటే లోకంలో పొందే గౌరవస్థానం. హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఈ మాట కొత్తది కాదు. ఆసఫ్ జాహ్ అనే బిరుదులో ఉన్నది ఇదే. రియా అంటే ఇతరులు చూడాలని చేసే సత్కార్యం. రియాకారీ అనే ఉర్దూ మాట మన విద్యార్థులు వినే ఉంటారు.

ధనం అంటే వస్తువుల మీద యాజమాన్యం; జాహ్ అంటే హృదయాల మీద యాజమాన్యం అని ఆయన వివరించారు. ధనం కూడబెట్టాలంటే శ్రమించాలి, దాచిపెట్టాలి, దొంగల భయం ఉన్నది. హృదయాలు అలా కాదు. ఒకటి లొంగితే అది పొగిడి మరికొన్నింటిని లొంగదీస్తుంది. ఈ ఆస్తి కాపలా లేకుండానే పెరుగుతుంది. అందుకే ధనాన్ని తృణీకరించినవారు కూడా దీనికి దాసులవుతారని ఆయన నిర్ణయం. పొగడ్త మనకు ఎందుకు తీపి? మనలో ఏదో పరిపూర్ణత ఉన్నదన్న నమ్మకం కలిగిస్తుంది గనుక. ఆ నమ్మకం మనకు స్వయంగా లేదు గనుక పరుల నోట వినాలి. భూమి మీది జనమంతా సాష్టాంగపడినా, యాభై ఏళ్ళు గడిచేసరికి మొక్కినవారూ ఉండరు, మొక్కించుకున్నవారూ ఉండరని గుర్తు చేశారు.

రియాను గురించి వ్రాసిన భాగం చదువుతూ ఉంటే, ఎవరో మన వీధిలో నిలబడి మనలను గమనించి వ్రాసినట్లుంటుంది. ఒకడు పాలిపోయిన ముఖంతో తన ఉపవాసాన్ని ప్రకటిస్తాడు. ఒకడు ముతక ఉన్నితో తన వైరాగ్యాన్ని ధరిస్తాడు. ఇంకొకడు ఎవరైనా చూస్తున్నారని తెలియగానే నమాజు పొడిగిస్తాడు. ఇవి స్థూలమైనవి, పట్టుకొనడం తేలిక. అన్నింటికంటే సూక్ష్మమైనది వేరే ఉన్నది. ఒక మనిషి నిజంగానే రహస్యంగా ఆరాధన చేస్తాడు, ఎవరికీ చెప్పడు, ఎవరూ చూడాలనుకోడు. కాని బజారుకు వెళ్ళినప్పుడు ఎదుటివారే ముందు సలాం చేయాలనీ, సభలో తనకు చోటు ఇవ్వాలనీ, దుకాణదారు తనకు ధర కొంచెం తగ్గించాలనీ అతని మనస్సు ఎదురుచూస్తుంది. అలా జరగకపోతే లోలోపల ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యమే అతని రహస్యారాధనకు అడిగిన కూలి! ఈ దుకాణం ఉదాహరణ చదివిన నాడు మేము పుస్తకం మూసి చాలాసేపు ఊరక కూర్చున్నామని చెప్పడానికి సిగ్గుపడము.

అయితే ఆయన మనిషిని వీలుకాని చోటికి తరమలేదు. బ్రతకడానికి కొంత తిండి కావలసినట్లే, గురువు వద్దా, మిత్రుల వద్దా, అధికారి వద్దా కొంత గుర్తింపు మనిషికి అవసరమేనని ఒప్పుకున్నారు. మరొక ముఖ్యమైన సంగతి కూడా తేల్చి చెప్పారు. నలుగురూ చూస్తారేమో, పొగుడుతారేమో అన్న భయంతో చేయవలసిన మంచిపనిని మానుకొనడం కూడా ఆ నలుగురికి లొంగడమే. చూడాలని చేయడం ఎంత బానిసత్వమో, చూస్తారని మానడం అంత బానిసత్వం. ఈ సూత్రం వ్రాయడం ఒక ఎత్తు. దానిని తన మీదనే ప్రయోగించుకొనవలసిన రోజు 1106లో వచ్చింది.

అప్పటికి ఆయన తూస్‌లో స్థిరపడి పది సంవత్సరాల ఏకాంతం అనుభవించారు. నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ ఖురాసాన్ మంత్రిగా ఉంటూ, నీషాపూర్ నిజామియాలో బోధించవలసినదని ఒత్తిడి చేశాడు. తాను చదువుకున్న మదరసా అది. ఈసారి గజాలీ వేసుకున్న ప్రశ్న మొదటిదానికి తిరగబడినది. నేను ఏకాంతంలో ఎందుకు ఉన్నాను? సోమరితనం వల్ల కాదు గదా? సుఖం మరిగి కాదు గదా? జనుల నిందల నుండి నన్ను కాపాడుకొనడానికి, నా గౌరవం చెడకుండా ఉంచుకొనడానికి కాదు గదా? బాగ్దాదులో పీఠం ఏ పని చేసినదో తూస్‌లో ఏకాంతం ఆ పనే చేయవచ్చునని ఆయనకు తోచినది. వెళ్ళారు. బోధించారు. మునుపు కీర్తి సంపాదించే విద్యను చెప్పేవాడిననీ, ఇప్పుడు కీర్తిని విడిచే విద్యను చెబుతున్నాననీ, తన ఉద్దేశం అదేననీ ఆత్మకథలో వివరించుకున్నారు.

ఇక్కడ మాకొక చిన్న సందేహం కలదు. హిజ్రీ 6వ శతాబ్దం ప్రారంభం కాబోతున్న రోజులవి. ప్రతి శతాబ్ది ఆరంభంలోనూ ధర్మాన్ని పునరుద్ధరించేవాడు వస్తాడన్న నమ్మకాన్నీ, ఆ సూచనలు తన మిత్రులకు కలలలో వచ్చినవన్న సంగతినీ ఆయన ప్రస్తావించారు. ఆ పునరుద్ధారకుడు తానే కావచ్చునన్న ఆశ ఆ మాటల వెనుక వినబడుతుంది. కీర్తిని విడిచిన కథను ఒక పుస్తకంగా వ్రాసి లోకానికి ఇవ్వడంలో కూడా ఎంతో కొంత చిత్రం ఉన్నది. దాహం పూర్తిగా తీరినదా? తీరినదని మేము గట్టిగా చెప్పజాలము. కాని దాహం తన చేత ఏ పని చేయిస్తున్నదో ఆయన ఎప్పటికప్పుడు కనిపెట్టి ఉన్నారు.

ఈ విషయంలో సాక్షి అబ్దుల్ గాఫిర్ ఫార్సీయే. పాత గజాలీ అహంకారాన్ని కళ్ళారా చూచినవాడు గనుక, తిరిగి వచ్చిన గజాలీ వినయాన్ని అతడు మొదట నమ్మలేదు. ఇది కూడా ఒక వేషమనుకున్నాడు. పలుమార్లు వెళ్ళి కలిశాడు, గమనించాడు, మనస్సు విప్పి మాట్లాడాడు. చివరకు తన అనుమానమే తప్పని వ్రాసుకున్నాడు. అభిమాని ఇచ్చిన యోగ్యతాపత్రం కాదిది. అనుమానంతో వెళ్ళి వచ్చినవాడు ఇచ్చినది.

నీషాపూర్‌లో మునుపటి ప్రశాంతి దొరకలేదు. ఫఖ్రుల్ ముల్క్ కూడా తండ్రి వలెనే ఆ 1106లోనే హతుడైనాడు. గజాలీ యౌవనంలో వ్రాసిన పుస్తకాలలో తప్పులు వెతికి, ఖురాసాన్ పాలకుడు సంజర్ వద్ద ఫిర్యాదు చేసినవారు బయలుదేరినారు. కొలువుకు రమ్మని పిలుపు వచ్చినప్పుడు, హెబ్రోనులో చేసిన ప్రతిజ్ఞను తెలిపి తనను మన్నించమని లేఖ వ్రాశారు. పూర్వపు గజాలీ అయితే ప్రత్యర్థులను సభలో నిలబెట్టి నోరు మూయించి ఉండేవారు. అంతటి వాదశక్తి ఆయనకు ఇంకనూ ఉన్నది. కొంతకాలానికి, ఎవరూ పొమ్మనక ముందే, ఆ పీఠం విడిచి తూస్ చేరుకున్నారు. ఇంటి ప్రక్కనే విద్యార్థులకు ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు.

1110లో బాగ్దాదు నిజామియా ఆచార్యుడు కియా హర్రాసీ మరణించాడు. ఆయన కూడా ఒకప్పుడు జువైనీ వద్ద గజాలీకి సహాధ్యాయి. ఖాళీ అయిన పీఠానికి మళ్ళీ గజాలీనే పిలిచారు. పదిహేను సంవత్సరాల నాడు ఏ పీఠాన్ని విడవడానికి ఆరు నెలలు నలిగి, మాట పడిపోయి, మెతుకు దిగక బాధపడినారో ఆ పీఠమే ఇది. ఈసారి జవాబు ఒక లేఖతో ముగిసినది. ఆ లేఖలో ఆవేదన లేదు, తత్వం లేదు, సంసారి చెప్పుకునే కారణాలున్నవి. ఇక్కడ సుమారు 150 మంది విద్యార్థులు తన వద్ద ఉన్నారు, వారిని అంత దూరం కదిలించడం కష్టం. తనకు కుటుంబం ఉన్నది. బాగ్దాదులో ఉంటే ఖలీఫాను దర్శించడం, వాదాలు చేయడం తప్పవు, తనకు ప్రతిజ్ఞ అడ్డు. అంతే. సామ్రాజ్యంలోని అత్యున్నత పదవిని, ప్రక్క ఊరి పెళ్ళికి రాలేనని చెప్పినంత మామూలుగా వద్దన్నారు.

ఉర్దూ తెలిసిన విద్యార్థులకు ఇక్కడ ఒక సూచన. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో హైదరాబాదులో ఉద్యోగం చేసిన మౌలానా షిబ్లీ నోమానీ, ఆ కాలంలోనే అల్ గజాలీ అనే పేరుతో ఈ మహనీయుని జీవిత చరిత్ర రచించారు. తహాఫుత్ వంటి గ్రంథాల చర్చ మా శక్తికి మించినది. కోరినవారు అటువంటి రచనలను ఆశ్రయించవచ్చును.

చివరి రోజుల దినచర్యను ఫార్సీ వర్ణించాడు. ఖురాను పఠనం, సూఫీలతో గోష్ఠి, విద్యార్థులకు పాఠం. వీటితో పాటు ఒక కొత్త పని కూడా ఉండేది. జీవితమంతా తర్కంలో గడిపినందున హదీసు శాస్త్రంలో తన పరిశ్రమ చాలదని ఆయనకు తెలుసు. ఆ లోటు తీర్చుకొనడానికి, 50 ఏళ్ళు దాటిన వయస్సులో, ఆ విద్య ఎరిగినవారిని ఆశ్రయించి బుఖారీ, ముస్లిం గ్రంథాలు చదవడం మొదలుపెట్టారు. ఇహ్యా కర్త మళ్ళీ విద్యార్థి అయినాడు.

1111 డిసెంబరు 18, సోమవారం. ఆ ఉదయం సంగతి తమ్ముడు అహ్మద్ చెప్పగా నిలిచినది. తెల్లవారుజామున వుజూ చేసి నమాజు ముగించారు. కఫను వస్త్రం తెమ్మన్నారు. అందుకొని ముద్దు పెట్టుకున్నారు, కళ్ళకు అద్దుకున్నారు. కాళ్ళు చాచి ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారు. బాగా తెల్లవారక ముందే ప్రాణం విడిచారు. ఆయనకు మిగిలిన సంతానం కుమార్తెలు మాత్రమే. ఇంటి ఖర్చుకు సరిపోయే పిత్రార్జితం కొద్దిగా ఉండేదనీ, ఎందరో ధనం ఇవ్వబోయినా ఆయన పుచ్చుకొనలేదనీ ఫార్సీ వ్రాశాడు.